జ్వరం తొమ్మిది రోజులైనా దిగలేదు.. నడుము దగ్గర నల్లటి పెచ్చు ఉంది

ప్రశ్న: మా అమ్మ వయసు 54. షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది. రోజూ కాలువ గట్టున గేదెలకు గడ్డి కోసుకొస్తుంది. తొమ్మిది రోజులుగా జ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్లు నొప్పులు. డెంగీ, మలేరియా లేవన్నారు. వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ వచ్చిందని ఐదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు చేశారు. జ్వరం దిగలేదు. ప్లేట్‌లెట్లు 82 వేలకు తగ్గాయి. నిన్నటి నుంచి దగ్గు, కొంచెం ఆయాసం కూడా మొదలయ్యాయి. ఒళ్లు తుడుస్తుంటే నడుము పక్కన, చీర బిగించే చోట చిన్న నల్లటి పెచ్చు కనిపించింది. నొప్పి లేదంటోంది. దానికీ జ్వరానికీ సంబంధం ఉంటుందా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు. వాళ్లకు అంటుకుంటుందా?
– ఒక సోదరి, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, మిగతాదంతా తర్వాత చదవవచ్చు. ముందు మీ అమ్మగారిని ఈ రోజే ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుంటూరు, విజయవాడ రెండుచోట్లా ప్రభుత్వ సాధారణ ఆసుపత్రులున్నాయి. మీకు త్వరగా చేరగలిగేది ఏదైతే అక్కడికి వెళ్లండి. ఆయాసం పెరిగినా, మాట తడబడినా, మూత్రం బాగా తగ్గినా ఆటో కోసం చూడకుండా 108కి ఫోను చేయండి. వెళ్లగానే డ్యూటీ డాక్టరుకు ఆ పెచ్చు చూపించి, ‘ఇది స్క్రబ్ టైఫస్ అయి ఉంటుందా?’ అని మీరే అడగండి. మొహమాటపడవద్దు.

మీరు రాసిన వివరాల్లో నన్ను ఆపేసింది ఆ పెచ్చే. జ్వరంతో ఉన్న మనిషి ఒంటిమీద నొప్పీ దురదా లేని నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది స్క్రబ్ టైఫస్‌నే. పచ్చిక, పొదలు, పొలం గట్లలో ఉండే ఒక రకం నల్లి పిల్లదశలో మనిషిని కుట్టినచోట ఈ మచ్చ పడుతుంది. ఇది మంచాల్లో ఉండే నల్లి కాదు, మిరప ఆకులను ముడిచే తెల్లనల్లి కూడా కాదు. మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు, కుట్టిన సంగతి కూడా తెలియదు. బట్ట బిగుతుగా ఉండేచోట, చర్మం ముడతపడేచోట పట్టుకుంటుంది. అందుకే నడుము, గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, చెవి వెనుక వెతకాలి. అందరిలోనూ ఈ పెచ్చు ఉండదు. ఉన్నా చాలాసార్లు ఎవరూ చూడరు. మన ఆడవాళ్లు డాక్టరు ముందు ఆ చోటు చూపించడానికి సిగ్గుపడతారు, రద్దీలో డాక్టరూ అడగరు. మీరు ఒళ్లు తుడుస్తూ గమనించడం ఎంత విలువైన పనో చెప్పలేను.

ఆ నల్లి కుట్టినప్పుడు ఓరియన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. సాధారణంగా 6 నుంచి 21 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. ఇది రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాల్లోకి దూరి అక్కడే పెరుగుతుంది. ఆ పొర దెబ్బతిన్నాక నాళాల్లోంచి ద్రవం బయటికి ఊరుతుంది. రక్తనాళాలు లేని అవయవం లేదు కాబట్టి జబ్బు ఎక్కడైనా బయటపడవచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆయాసం, మెదడు పొరలు వాస్తే మత్తు, ఫిట్స్. మూత్రపిండాలు, కాలేయం, గుండె కండరం కూడా దెబ్బతినవచ్చు. కొందరికి వినికిడి మందగిస్తుంది. ఈ చిక్కులు ఎక్కువగా రెండో వారంలో వస్తాయి. మీ అమ్మగారు సరిగ్గా ఆ వారంలో ఉన్నారు, దగ్గు, ఆయాసం కూడా మొదలయ్యాయి. ఈ రోజే అని నేను పట్టుబట్టడం అందుకే.

ఇంజెక్షన్లు ఎందుకు పనిచేయలేదంటే, సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, అమాక్సిసిలిన్ వంటివి బ్యాక్టీరియా గోడ మీద దాడి చేసే మందులు. కణం లోపల దాగి, వాటికి తగిన గోడే లేని ఈ సూక్ష్మజీవిని అవి ఏమీ చేయలేవు. దీనికి మందు డాక్సీసైక్లిన్. అరుదైనది కాదు, ఖరీదైనదీ కాదు, ఏ మందుల షాపులోనైనా ఉంటుంది. పెద్దవాళ్లకు మామూలుగా 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, వారం పాటు ఇస్తాం. గర్భిణులకైతే అజిత్రోమైసిన్. జబ్బు ముదిరినవారికి ఈ రెండింటినీ కలిపి రక్తనాళం ద్వారా ఇస్తే ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలని మన దేశంలోని ఆసుపత్రుల్లో జరిగి, 2023లో వెలువడిన పరిశోధన తేల్చింది. మీ అమ్మగారికి ఏది ఎలా ఇవ్వాలో ఆసుపత్రిలోనే నిర్ణయించాలి. దయచేసి ఇంట్లో మాత్రలు మొదలుపెట్టి ఎదురుచూడవద్దు.

వైడాల్ పరీక్ష గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గినా, అలాంటి వేరే సూక్ష్మజీవి సోకినా ఇది పాజిటివ్ చూపవచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్మి టైఫాయిడ్ అని ముద్ర వేయడం మన ప్రాంతంలో ఎన్నో జ్వరాలను దారి తప్పిస్తోంది. టైఫాయిడ్‌ను తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష. అది యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. ఇప్పుడు ఆలస్యమైనా సరే, కల్చర్ చేయమని అడగండి. ఎందుకంటే షుగర్ ఉండి మట్టిలో, నీళ్లలో పనిచేసేవారికి మెలియాయిడోసిస్ అనే మరో ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ వచ్చే వీలుంది. దాని మందులు వేరు. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌ను కూడా పరీక్షించాలి. స్క్రబ్ టైఫస్‌కు చేసే ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష మొదటి రోజుల్లో నెగెటివ్ రావచ్చు, వారం దాటాక సాధారణంగా తెలుస్తుంది. ఆ పెచ్చు నుంచి సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష కూడా చేయవచ్చు. ఏ రిపోర్టు కోసమూ ఆసుపత్రిలో డాక్సీసైక్లిన్ మొదలుపెట్టడం ఆలస్యం చేయకూడదు. మందు సరిపడితే 48 గంటల్లో జ్వరం దిగడం మొదలవుతుంది. దిగకపోతే వైద్యులు మళ్లీ మొదటినుంచి ఆలోచిస్తారు.

ప్లేట్‌లెట్లు 82 వేలని భయపడి బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నారేమో, మానేయండి. రక్తస్రావం లేనప్పుడు ఈ సంఖ్యకు ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరమూ లేదు. అసలు జబ్బు తగ్గితే అవే పెరుగుతాయి. ఊళ్లో నీరసానికని సెలైన్ పెట్టించవద్దు. నాళాలు ఊరుతున్న సమయంలో లెక్క లేకుండా ఎక్కించిన ద్రవం ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరి ఆడనివ్వదు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి ఇంజెక్షన్లు మూత్రపిండాలకు చేటు. దారిలో జ్వరం ఎక్కువైతే పారాసెటమాల్ చాలు. షుగర్ మాత్రల చీటీని వెంట తీసుకెళ్లండి, ఇన్సులిన్‌కు మార్చాలో లేదో అక్కడి వైద్యులు చూస్తారు.

ఇంటికి వచ్చాక డాక్సీసైక్లిన్ మాత్ర మిగిలి ఉంటే కూర్చుని నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతు కింద పుండు పడవచ్చు. పాలు, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులతో కలిపి వేసుకుంటే సరిగా ఒంటబట్టదు.

పిల్లల విషయంలో కంగారు వద్దు. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. మీరు ఆమె పక్కనే ఉండి సేవ చేయవచ్చు. అయితే మీ అమ్మగారితో కలిసి అదే గట్టున గడ్డి కోసినవారికి, ఆ గడ్డి మీద ఆడుకున్న పిల్లలకు రాబోయే మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకు ఈ సంగతి చెప్పి చూపించాలి. టీకా లేదు కాబట్టి జాగ్రత్త ఒక్కటే మార్గం. వర్షాకాలం మొదలైంది మొదలు వరి కోతలు ముగిసేదాకా గట్లమీద పనికి వెళ్లేవారు పొడుగు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్ట వేసుకోవాలి. కోసిన గడ్డి మీద కూర్చోకూడదు, విప్పిన చీర, తువ్వాలు పొదలమీద ఆరేయకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఇంటి చుట్టూ కంప, పిచ్చిమొక్కలు తీయించండి. ఈ నల్లులు ఎలుకలను ఆశ్రయించి బతుకుతాయి కనుక గడ్డివాముల దగ్గర ఎలుకల బెడద తగ్గించండి.
– జనరల్ మెడిసిన్ వైద్యులు, విజయవాడ