పక్షవాతం వచ్చిన మనిషిని ఊళ్ళోకి పంపండి

మీ నాన్నగారికి స్ట్రోక్ వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, ఆసుపత్రి నుంచి తెచ్చాక టౌన్లో ఫిజియోథెరపీ సెంటర్లో చేర్చాలా, ఊళ్ళోనే ఉంచాలా అని అడిగారు. ఊళ్ళోనే ఉంచండి. ఫిజియోథెరపిస్టుని కొన్నాళ్ళు ఇంటికి పిలిపించుకోండి, చెప్పిన కసరత్తులు మానకండి. కానీ ఆయన్ని మళ్ళీ మనుషుల్లో పడేసేది ఊరే. మా మావయ్యగారి విషయంలో కళ్ళారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మావయ్యగారు మా ఊరి పాలకేంద్రంలో లెక్కలు రాసేవారు. ఆయనకీ కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ పోయాయి. చూడ్డానికొచ్చినవాళ్ళంతా మంచం పక్కనే కూర్చుని, ఆయన్ని వదిలేసి నన్ను అడిగేవారు: "తింటున్నాడా? మనుషుల్ని గుర్తుపడుతున్నాడా?" ఆయనకి అన్నీ తెలుస్తూనే ఉండేవి. గోడవైపు తిరిగి పడుకునేవారు. దానికితోడు తలా ఒక సలహా. పావురం రక్తం రాయమని ఒకాయన ఏకంగా పావురాన్నే పట్టుకొచ్చాడు. ఆ పని మాత్రం చేయకండి. దెబ్బ తిన్నది మెదడు. చేతికి ఏం రాసినా అక్కడికి చేరదు.

కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాక ఒకరోజు పొద్దున్నే మా ఆయన, నేను ఆయన్ని పాలకేంద్రానికి నడిపించుకెళ్ళాం. అక్కడి కుర్రాడు "రండి పెదనాన్నా" అని కుర్చీ వేసి, పుస్తకం ఆయనకి కనబడేలా పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఒకావిడ గేదెపాలకి మిషన్‌లో ఫ్యాట్ 6.8 పడితే వాడు 6.3 అని రాశాడు. మావయ్యగారు ఎడంచేత్తో పుస్తకం మీద కొట్టారు. వాడికి అర్థం కాలేదు. మళ్ళీ కొట్టారు. "ఒకటి, రెండు, మూడు" అని ఎత్తుకుని, వరసగా వెళ్ళి ఎనిమిది దగ్గర ఆగి, "ఎనిమిది! ఎనిమిది!" అని అరిచారు. ఆ పాలావిడ ఆయన ముందుకొచ్చి "నా డబ్బులు నిలబెట్టావు బావగారూ" అంది. మంచాన పడ్డాక బయటి మనిషి ఒకరు ఆయనతోనే మాట్లాడ్డం అదే మొదలు.

మాట పోయినవాళ్ళలో చాలామందికి విడిగా అంకె నోటికి రాకపోయినా, ఒకటి నుంచి లెక్కపెడితే వస్తుంది. పాటలూ అంతే. స్పీచ్ థెరపీ వాళ్ళు ఈ దారినే వాడుకుంటారు.

ఆ తర్వాత పొద్దున్నే చొక్కా తొడగమని ఆయనే సైగ చేసేవారు. కసరత్తంటే మొహం తిప్పుకునే మనిషి కేంద్రం దాకా రోజూ నడిచేవారు. ఎడంచేత్తో అంకెలు రాయడం పట్టుబడింది. కుడిచెయ్యి ఇప్పటికీ పూర్తిగా రాలేదు. అయినా ఆయన బాగున్నారనే నేనంటాను.

2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మన దేశంలో జరిగిన అధ్యయనం ఒకటి వచ్చింది. 14 ఆసుపత్రులు, 1250 మంది రోగులు. సగం మంది ఇళ్ళవాళ్ళకి కసరత్తులు చేయించడం నేర్పారు. ఆరు నెలలకి చూస్తే మరణాల్లో గానీ, ఒకరి మీద ఆధారపడ్డంలో గానీ మిగతావాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు. ఎందుకుంటుంది? మన దగ్గర ఇంట్లోవాళ్ళు అంటే భార్యో, కోడలో. వంట, గేదెలు, పిల్లల బడి, మధ్యలో పక్క మార్చడం, స్నానం చేయించడం. దానిమీద కసరత్తులు కూడా ఆ ఒక్క ఆడమనిషి నెత్తినే పెడితే ఆవిడా మంచాన పడుతుంది. ఊరంతా కలిసి మోయాల్సిన బరువిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన సముదాయ పునరావాస (అంటే వైకల్యం ఉన్న మనిషిని ఊరివాళ్ళ సాయంతో ఊళ్ళోనే మళ్ళీ నిలబెట్టే) మార్గదర్శకాల్లో ఆరోగ్యం ఐదు భాగాల్లో ఒకటి మాత్రమే. చదువు, జీవనోపాధి, నలుగురితో కలిసి బతకడం, తన నిర్ణయాలు తనే తీసుకోవడం మిగతా నాలుగు. మనం మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నాం.

నాన్నగారిని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకండి, భుజం జారి నొప్పి పట్టుకుంటుంది. మరుగుదొడ్డిలో కూర్చునే కమోడ్ పెట్టించి, పక్కన గోడకి పట్టుకోవడానికి ఇనప పైపు బిగించండి. బీపీ మాత్రలు ఒక్కపూట కూడా మానొద్దు. ఆయన ఏం పని చేసేవారో మీరు రాయలేదు. అది రాయండి, అందులో ఎడంచేత్తో ఏ ముక్క చేయొచ్చో చెబుతాను.