టెక్ సందేహాలు: సిగ్నల్ దగ్గర ఆగిపోయే పాత మారుతి

ప్రశ్న: మా నాన్నగారి 1997 మారుతి 800 కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) మోడల్ ఇంకా నడుపుతున్నాను. రోడ్డు మీద బాగానే పోతుంది కానీ సిగ్నల్ దగ్గర ఆక్సిలరేటర్ వదలగానే ఆగిపోతోంది. మెకానిక్ స్క్రూ తిప్పి ఐడ్లింగ్ (ఆక్సిలరేటర్ నొక్కనప్పటి ఇంజిన్ వేగం) పెంచాడు. వారం బాగుండి మళ్లీ మొదటికే వచ్చింది. నేనే సెట్ చేసుకోవచ్చా? ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) చూపించే యాప్ ఉందా? - ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: చేసుకోవచ్చు. కానీ వారానికే మళ్లీ మొదలైందంటే నా అనుమానం స్క్రూ మీద కాదు, స్లో జెట్ మీద. ఐడ్లింగ్‌లో పెట్రోల్ ఆ సన్నటి రంధ్రం గుండానే వస్తుంది. అందులో కాస్త చెత్త చేరినా ఇంజిన్ ఆగిపోతుంది. స్పీడ్‌లో మెయిన్ జెట్ అందుకుంటుంది కాబట్టి లోపం బయటపడదు. జెట్‌ను క్లీనర్ స్ప్రేతో, గాలి కొట్టి శుభ్రం చేయించండి. వైరు పెట్టి గుచ్చనివ్వకండి, రంధ్రం పెద్దదైతే జెట్ మార్చాల్సిందే.

తర్వాత వాక్యూమ్ పైపులు (ఇంజిన్ గాలి పీల్చే చోటుకి కలిపిన సన్నటి రబ్బరు గొట్టాలు) చూడండి. ఇన్నేళ్ల రబ్బరు పగలకుండా ఉంటే ఆశ్చర్యమే. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో పైపును వేళ్లతో నొక్కి చూడండి. ఏ పైపు దగ్గరైనా ఐడ్లింగ్ ఒక్కసారిగా సర్దుకుంటే గాలి లీకవుతున్నది అటువైపే. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక పాత జెట్లతో పెట్రోల్-గాలి మిశ్రమం మరింత పలచబడుతుంది. పాత రబ్బరుకూ అది మంచిది కాదు.

ఇవన్నీ అయ్యాకే స్క్రూ. ఆరుబయట, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజిన్ వేడెక్కనివ్వండి. చోక్ (చల్లటి ఇంజిన్‌కు గాలి తగ్గించే మూత) పూర్తిగా తెరుచుకుని ఉండాలి, ఏసీ, లైట్లు ఆపాలి. ఐడ్లింగ్ స్క్రూతో 900 ఆర్‌పీఎం దగ్గరకు తెచ్చి, పెట్రోల్-గాలి పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ ఎక్కువగా, నునుపుగా తిరుగుతుందో పట్టుకోండి. పెరిగిన స్పీడ్‌ను మళ్లీ ఐడ్లింగ్ స్క్రూతో 900కి దించండి. తిప్పేముందు రెండు స్క్రూల తలల మీదా పెయింట్‌తో ఒక గుర్తు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు, చెడితే పాత చోటికి తేవచ్చు. ఏసీ వేసినప్పుడే ఆగిపోతుంటే మాత్రం ఈ స్క్రూల జోలికి వెళ్లొద్దు. ఆ లోడుకి స్పీడ్ పెంచే ఐడిల్-అప్ వేరే ఉంటుంది, లోపం అక్కడ వెతకాలి.

ఇక యాప్. ఫోన్ మైక్‌తో ఇంజిన్ శబ్దం విని ఆర్‌పీఎం లెక్కగట్టే యాప్‌లు ఉన్నాయి. దారి చూపడానికి చాలు. కానీ సెట్టింగ్స్‌లో సిలిండర్లు 3, ఫోర్ స్ట్రోక్ అని ఇవ్వడం మరచిపోవద్దు. 900 ఆర్‌పీఎంలో మీ మూడు సిలిండర్లలో కలిపి పెట్రోల్ సెకనుకు 22.5 సార్లు పేలుతుంది. యాప్‌లో 4 అని ఉంటే అదే శబ్దాన్ని 675గా చూపిస్తుంది. మీరేమో స్పీడ్ తక్కువైందని స్క్రూ బిగిస్తూ పోతారు! పెట్రోల్ ఇంజిన్లకు పనికొచ్చే టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటర్) మెకానిక్ దగ్గరుంటే అదే నయం. మిక్చర్ విషయంలో ఇంకా మంచి మీటర్ పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల దగ్గర ఉంది. సైలెన్సర్‌లో గొట్టం పెట్టించి పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) శాతం చూస్తూ సెట్ చేయించుకోండి. మీలాంటి పాత కార్లకు అది 3 దాటకూడదు.

ప్రశ్న: నాది 2004 ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే) కారు. ఐడ్లింగ్ పెరుగుతూ తగ్గుతూ ఆగిపోతోంది. కారు కంప్యూటర్ నుంచి లోపాలు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొంటే తెలుస్తుందా? - ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఇప్పుడే కొనకండి. ఈ స్కానర్లు 2013 తర్వాతి కార్లకు సాధారణంగా పనికొస్తాయి, 2004 కారుతో మాట్లాడతాయన్న నమ్మకం లేదు. మీ కారులో ఐడ్లింగ్ చూసుకునేది కంప్యూటర్, కాబట్టి థ్రోటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే మూత) దగ్గరున్న స్క్రూను ఎవరినీ ముట్టుకోనివ్వకండి. థ్రోటిల్ బాడీ, ఐడిల్ కంట్రోల్ వాల్వ్ మసి పట్టి ఉంటాయి. ముందు అవి శుభ్రం చేయించండి. ఖర్చు స్కానర్ కంటే పెద్దగా ఉండదు.