వేరుకు కాయని వేరుశనగ

సందేహం: “వేరుశనగ వేరుకు కాస్తుంది” అన్నది తప్పని మా అబ్బాయి బడిలో క్విజ్ పెట్టినప్పుడు చెప్పారట. అలాగైతే ఆ పేరే తప్పు కదా? “నేలశనగ” అని మార్చుకోవాలా? లేక మన హైదరాబాదులో అన్నట్టు “పల్లీ” అంటే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, మలక్‌పేట

సమాధానం: బడిలో చెప్పింది నిజమేనమ్మా. పేరు మాత్రం మార్చనక్కర్లేదు.

వీలైతే ఒక మొక్కను పూత మీద ఉండగా చూడండి. పసుపుపచ్చని పువ్వు నేలపైనే, ఆకు మొదట్లో పూస్తుంది. అది వాడిపోయాక అడుగునుంచి సన్నని కాడ ఒకటి సాగి, నేలవైపు వంగి, మట్టిలోకి దిగుతుంది. దాని కొన ఉబ్బితే కాయ. మట్టి అందని కాడకు కాయ పట్టదు. రైతులు ఈ కాడను “ఊడ” అంటారు. ఊడలు దిగే వేళకు జిప్సం వేస్తారు, విత్తిన నలభై అయిదు రోజులు దాటాక ఊడలు తెగుతాయని కలుపు తీసే గుంటక తోలరు. మొక్కను పీకితే అసలు వేరుకు కనిపించేవి చిన్న చిన్న బుడిపెలు. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే సూక్ష్మజీవుల కాపురం అది, కాయలు కావు.

తమాషా చూడండి, మర్రి ఊడ నిజంగానే ఒక వేరు, వేరుశనగ ఊడ మాత్రం వేరు కాదు. పోలికను బట్టి రైతు ఆ మాట వాడుకున్నాడు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ పంటను మొదట తవ్వి చూసినవాడూ అంతే చేశాడు. మట్టిలోంచి వేళ్లతో పాటు కాయలు లేచాయి, పప్పు శనగలా ఉంది, పేరు పెట్టేశాడు. తమిళులకు “వేర్క్కడలై”, “నిలక్కడలై” రెండూ ఉన్నాయి. మీ “నేలశనగ” రెండోదానికి తోబుట్టువే. కానీ కిరాణా కొట్టులో అడిగి చూడండి, కొట్టువాడు మీ ముఖం వంక చూస్తాడు.

ఇక “పల్లీ”. ఉర్దూ “మూంగ్‌ఫలీ”లోని “ఫలీ” ఇది, కాయ అని అర్థం. అక్కడా పేచీ ఉంది: మూంగ్ అంటే పెసర! తెలంగాణలో ఇంటింటా వాడే మాట కనుక “పల్లీ” ఇప్పుడు తెలుగే, నిశ్చింతగా వాడండి.

పేరును విడగొట్టి నిజం వెతికితే వంటిల్లే ఖాళీ చేయాలి. “నూనె” అంటే మొదట నువ్వుల నెయ్యి. సంస్కృతంలో “తైలం” కూడా తిలల నుంచి, అంటే నువ్వుల నుంచి వచ్చిందే. ఆ లెక్కన “వేరుశనగ నూనె”లో వేరూ లేదు, శనగా లేదు, నువ్వూ లేదు, నెయ్యీ లేదు. అయినా దాంట్లో వేయించిన బజ్జీకి ఏ లోటూ రాలేదు. ఇలా పుట్టుకలోని అర్థాన్ని వదిలి వాడుకలో స్థిరపడ్డ మాటను వ్యాకరణంలో రూఢి అంటారు. రూఢిని దిద్దబోవడం వృథా శ్రమ. “వేరుకు కాస్తుంది” అన్న వాక్యం సంగతి వేరు, దాన్ని మాత్రం కొట్టేయాల్సిందే. మీ అబ్బాయికి ఆ మార్కు పోయి ఉంటే న్యాయంగానే పోయింది.