బల్బు చేతికిచ్చి ఊరుకోండి

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గర ప్రాథమిక పాఠశాల. ఈసారి చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో నన్ను రిసోర్స్ పర్సన్‌గా వేశారు. ప్రాథమిక తరగతులకు చెప్పే నలభై మంది ఎస్జీటీలకు ఒక్క పూటలో సైన్సు ప్రయోగాలు నేర్పాలట. సగం మంది ఇంటర్లో ఆర్ట్స్ చదివినవాళ్లే. 'ల్యాబ్ లేదు, కిట్ లేదు, ఏం చేయిస్తాం?' అంటారు. ఎక్కణ్ణించి మొదలుపెట్టను?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: పీపీటీ జోలికి పోకండమ్మా. ఇద్దరిద్దరికీ ఒక సెల్లు, ఒక టార్చి బల్బు, జానెడు వైరు ఇచ్చి 'వెలిగించండి' అని ఊరుకోండి. హోల్డర్ వద్దు. రెండో వైరు ముక్క అడిగినా ఇవ్వొద్దు.

అప్పుడు చూడాలి తమాషా. చాలామంది బల్బును సెల్లు బొడిపె మీద నిలబెట్టి, సెల్లు అడుగు నుంచి వైరు తెచ్చి మళ్లీ బల్బు అడుక్కే తాకిస్తారు. బల్బు వెలగదు, వైరు మాత్రం వేలికి చురుక్కుమంటుంది. మీకు నోరు ఊరుకోదు, తెలుసు. అయినా చెప్పకండి. బల్బును అరచేతిలో వేసుకుని చూడమనండి: అడుగున టంకం చుక్క, చుట్టూ లోహపు తొడుగు, రెండూ కలవకుండా మధ్యలో నల్లటి పట్టీ. లోపలి తీగకు ఒక కొస చుక్క దగ్గర, రెండోది తొడుగు దగ్గర.

నేను పదకొండేళ్లు బోర్డు మీద సర్క్యూట్ బొమ్మ గీసినదాన్ని. ఒక శిక్షణలో ఈ మూడు వస్తువులూ చేతిలో పెడితే పావుగంట తంటాలు పడ్డాను. బొమ్మలో బల్బంటే సున్నాలో ఇంటూ గుర్తు. అసలు బల్బుకి రెండు కొసలూ ఎక్కడుంటాయో ఆ సున్నా చెప్పదు మరి!

ఆర్ట్స్ వాళ్ల గురించి బెంగపడకండి. నేను మొదటిసారి శిక్షణ ఇవ్వడానికి వెళ్తూ, చవగ్గా వస్తుందని మోటారు వైండింగ్ షాపులో రాగితీగ కొన్నాను. గదిలో ఒక్క బల్బూ వెలగలేదు. నాకు చెమటలు. వెనక బెంచీలో చరిత్ర చదివిన టీచరొకావిడ తీగను గోటితో గీకి, 'మేడమ్, రంగు ఊడుతోంది' అంది. వార్నిష్ పూత! కొసలు బ్లేడుతో గీకాక గానీ వెలగలేదు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో మొదలై 2002 దాకా నడిచిన సైన్సు కార్యక్రమంలో పద్ధతి ఇదే. పిల్లలు చేయబోయే ప్రయోగాలు శిక్షణలో ముందు టీచర్లే చేసేవారు. ఆపైన నెలనెలా కలిసి, తరగతిలో ఎక్కడ చిక్కు వచ్చిందో మాట్లాడుకునేవారు. వాళ్లవి ఆరు నుంచి ఎనిమిది తరగతులే అనుకోండి. మన కాంప్లెక్స్ మీటింగు ఉన్నదీ అందుకే; సంతకాలకీ సమోసాలకీ సరిపోతోంది, అది వేరే కథ.

ఒక జంటకి వెలిగిందంటే 'ఇంకోలా?' అనండి. సెల్లు తిరగేసి, బల్బు ఒరగేసి మొత్తం నాలుగు రకాలుగా వెలిగించొచ్చు. వెలగని బొమ్మలు కూడా గీయించండి. రేపు పిల్లలు చేసేవీ అవే.

కొనేటప్పుడు ఎల్ఈడీ తేవద్దు, ఒక్క సెల్లుకి వెలగదు. 2.5 వోల్టుల పాతరకం టార్చి బల్బు అడగండి. ఇరవై జంటలకి ముప్పై కొనండి. ఎవరో ఒకరు మూడు సెల్లులు కలిపి చూస్తారు, కొన్ని మాడతాయి. ఇంకొన్ని హ్యాండ్‌బ్యాగుల్లోకి వెళ్లిపోతాయి. వాటిని అడక్కండి.