పాత ఇల్లు కొంటే ఫ్యూజులు తీసి ఎంసీబీలు (లోడు మించితే వాటంతటవే పడిపోయి కరెంటు ఆపే స్విచ్‌లు) పెట్టిస్తే సరిపోతుందా?

సరిపోదు, చెక్కపట్టీల మీద నడిచిన పాత వైర్లు, ఎర్త్ లేని రెండు రంధ్రాల ప్లగ్గులు ఉంటే వైరింగే మార్చాలి.

విజయనగరం, శ్రీకాకుళం పాత వీధుల్లోని పెంకుటిళ్లకు, తొలినాటి డాబాలకు కరెంటు పెట్టించుకున్నది నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్ల కోసం. అవన్నీ కలిసినా రెండు ఆంపియర్లు దాటవు. ఏళ్లు గడిచేకొద్దీ వైరు పైతొడుగు ఎండి పెళుసెక్కుతుంది. కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి జాయింట్లు చిలుమెక్కి, అక్కడే వేడి పుడుతుంది.

2000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. అదే లైటు వైరు మీద టన్నున్నర ఏసీ కూడా నడిపితే 15 దాటుతుంది. ఆ సన్నని వైరుకు 32 ఆంపియర్ల ఎంసీబీ పెట్టారనుకోండి, వైరు కాలుతున్నా అది పడదు. దాని లెక్కలో అంతా బాగానే ఉంది మరి! ఎంసీబీని వైరు మందాన్ని బట్టి ఎంచాలి, వాడే సామాన్లను బట్టి కాదు. గీజరుకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు విడివిడిగా లాగించడం మామూలు పద్ధతి.

ఎంసీబీ ఉంటే షాకు కొట్టదని చాలామంది నమ్మకం. అది ఓవర్‌లోడుకు, షార్ట్ సర్క్యూట్‌కు మాత్రమే పడుతుంది. మనిషి ప్రాణం కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పడిపోయే స్విచ్. ఎర్త్ సరిగా ఉంటే ఎవరూ ముట్టుకోకముందే అది పడిపోతుంది.

లైట్లు వెలుగుతున్నాయి కదా అని వదిలేయకండి. అడ్వాన్సు ఇవ్వకముందే ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (వైరు పైతొడుగు గట్టిగా ఉందో లేదో కొలిచే మీటరు) పెట్టి చూపించి, రీవైరింగ్ ఖర్చును బేరంలో తగ్గించమనండి.