మెష్ వేయించుకోవచ్చా?

ప్రశ్న: మా అత్తగారికి 70 ఏళ్లు. గర్భసంచి ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు యోని పైభాగం జారి బయటికొస్తోంది. మెష్ (జారిన భాగాన్ని పట్టి ఉంచే సన్నని వల) వేస్తామంటున్నారు. వేయించవచ్చా?

జవాబు: ఏ దారిన వేస్తారో ముందు అడగండి. జారుడుకు యోని గుండా అమర్చే మెష్ అమ్మకాలను అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ఆపించింది. ముట్లుడిగాక యోని గోడ పల్చబడుతుంది. మెష్ అంచు దాన్ని ఒరుసుకుని బయటపడితే రక్తపు మరకలు, నొప్పి. కండలో అల్లుకుపోయాక పూర్తిగా తీయడం మహా కష్టం. లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా) పొట్టలోంచి మెష్‌ను త్రికాస్థికి (నడుము కింది ఎముకకు) కట్టే పద్ధతిలో ఈ ముప్పు తక్కువే గానీ, పూర్తి మత్తు తట్టుకోగలగాలి. ఆపరేషన్ వద్దనుకుంటే యోనిలో పెట్టి జారుడును ఆపే సిలికాన్ రింగ్ పెసరీ ఉంది. 3-6 నెలలకోసారి తీయించి, కడిగించి, లోపల పుండు పడిందేమో చూపించాలి. రింగు సంగతే మరిచిపోయేవాళ్లూ ఉంటారు, తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టండి.