కీళ్లవాతానికి టీబీ టెస్టు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నాలుగేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం, పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. మాత్రలు సరిగా పనిచేయడం లేదని డాక్టర్ గారు, ఒంట్లో వాపు పుట్టించే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను ఆపే ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు, కానీ ముందు టీబీ టెస్టు, ఛాతీ ఎక్స్‌రే చేయించమన్నారు. అమ్మకు దగ్గు కూడా లేదండీ! ఊరికే ఖర్చు పెట్టిస్తున్నారా? పక్కింటి పిన్నిగారేమో ఇమ్యూనిటీ పెరగాలని రోజూ కషాయం కాచి ఇస్తున్నారు.
– ఒక పాఠకురాలు, రాంనగర్, హైదరాబాద్

జవాబు: ఊరికే కాదమ్మా. ఆ టెస్టు లేకుండా ఇంజెక్షన్ ఇస్తామంటేనే మీరు భయపడాలి. మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది, దగ్గూ ఉండదు జ్వరమూ ఉండదు. దాన్ని అలా పడుకోబెట్టి ఉంచేది ముఖ్యంగా టీ కణాలే, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. సహాయక టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత రసాయనం విడుదల చేస్తే, క్రిములను మింగే మ్యాక్రోఫేజ్ కణాలు చురుకై, టీబీ క్రిమి చుట్టూ చిన్న గడ్డలా కమ్ముకుంటాయి. ఆ గడ్డ చెదరకుండా ఉండాలంటే టీఎన్ఎఫ్ కావాలి. చిక్కంతా ఇక్కడే, మీ అమ్మగారి వేళ్లు వాచేలా చేస్తున్నదీ ఆ టీఎన్ఎఫే! దాన్ని ఆపితే వేళ్లకు సుఖం, లోపల టీబీ ఉంటే దానికీ సందు దొరుకుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇలాంటి మందు వాడినవాళ్లలో 70 మందికి టీబీ బయటపడిందని 2001లోనే వైద్య పత్రికలో వచ్చింది.

ముంజేతి మీద పొడిచే మాంటూ టెస్టు చూస్తుందీ టీ కణాలనే. టీబీని ముందే ఎరిగిన కణాలు అక్కడ చేరితే రెండు మూడు రోజుల్లో చర్మం గట్టిపడుతుంది. కొలిచేది ఎరుపును కాదు, ఆ గట్టిదనాన్ని.

ఇక కషాయం. అమ్మగారికి ఇమ్యూనిటీ తక్కువై ఈ జబ్బు రాలేదు, ఆ ఇమ్యూనిటీయే సొంత కీళ్ల మీదికి తిరగబడి వచ్చింది. దాన్ని అదుపులో ఉంచే టీ కణాలు వేరే ఉన్నాయి, బండికి బ్రేకుల్లాంటివి. జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి వాటిని 1995లో చూపించారు, 2025లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. మిరియాల కషాయంతో ఆ బ్రేకులు బాగుపడవు, రుచికి తాగితే తాగనివ్వండి, మాత్రలు మాత్రం మాన్పించొద్దు.

టెస్టు పాజిటివ్ వస్తే టెన్షన్ పడకండి. జబ్బు ముదిరిందని కాదు, అప్పుడు ముందుగా టీబీ మందులు కొన్నాళ్లు వాడించి తర్వాతే ఇంజెక్షన్ మొదలుపెడతారు. అమ్మగారు స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే ఆ చీటీ కూడా పట్టుకెళ్లండి, ఆ మాత్రల వల్ల టీబీ ఉన్నా చర్మం మీద ఏమీ తేలకపోవచ్చు.